ఎడమ వైపు

పద్దెనిమిదో రోజు రాత్రి,
గుంటూరు మార్చి ఎండకి గోడలింకా సెగలు కక్కుతుంటే
నేను రెండు దుప్పట్ల కింద వణుకుతున్నాను.
ఏటుకూరు రోడ్డు మీద లారీలకి
మంచం కోడు అదురుతోందో
నా పళ్ళే కొట్టుకుంటున్నాయో
తెలియలేదు.

ఎడమ రొమ్ములో ఒక రాయి.
నిన్న చింతగింజంత,
ఇవాళ నిమ్మకాయంత.
పైన ఎర్రగా, మూడు మూలలతో,
ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించి మరిచిపోయినట్టు.
జాకెట్టు గుడ్డ రాసుకున్నా ప్రాణం పోతోంది.
దాని వెనకెక్కడో పాలున్నాయి,
దారి లేక.

వాడికివేం పట్టవు.
ఇంకా పేరైనా లేనివాడు,
కళ్ళు మూసుకుని తల అటూ ఇటూ కొట్టుకుంటూ
తనదేదో తను వెతుక్కుంటాడు.
నోరు పట్టిన మొదటి గుక్కకి
నా కాలి బొటనవేళ్ళు మెలితిరిగాయి.
ఒకటి, రెండు, మూడు...
ఇరవై దాకా లెక్కపెట్టాను.
ఇరవై తర్వాత ఏడ్చాను.

మా ఆయన యార్డు నుంచి వచ్చాడు.
పొద్దుట్నుంచీ టిక్కీలు దించిన చేతులు,
తేజ కాయ ఘాటు చర్మంలోకి ఇంకిన చేతులు.
సబ్బయింది, పెరుగయింది, కొబ్బరినూనె అయింది,
అయినా ఆ చేత్తో చెమట తుడుచుకుంటే
కళ్ళు నీళ్ళవుతాయి.
కొడుకుని ఇంతవరకు ఎత్తుకోలేదు.
నేల మీద వెల్లకిలా పడుకుని
ఉయ్యాల తాడు కాలివేళ్ళ సందున పట్టి ఊపుతాడు.
నా వంక చూశాడు, అరిచేతుల వంక చూసుకున్నాడు.
"నేను తాకకూడదు గదా" అన్నాడు.
తాడు మాత్రం వదల్లేదు.

అత్త సంజీవమ్మ మూడు మూరల మల్లెలు తెచ్చింది.
"కట్టుకోవే, పాలు ఇంకిపోతాయి.
చెడిన పాలు బిడ్డకి పట్టకు."
ఆమె మంచికే చెప్పింది.
నాలుగో కాన్పులో ఆమెకి
ఇదే వైపు కోసి, చీము తీసి, వత్తి పెట్టారట.
పైట జరిపి మచ్చ చూపించింది.
ముప్పై ఏళ్ళుగా ఎవరికీ చూపించని మచ్చ
మూసిన కన్నులా ఉంది.

తెల్లారి ఆటోలో పెద్దాసుపత్రికి.
దారిలో ప్రతి గుంతా నా ఎడమ వైపే తగిలింది.
నర్సు ఎస్తేరు రాణి వేళ్ళు చల్లగా ఉన్నాయి.
"పిసక్కు. ఇదేమన్నా పూరీ పిండా?
పాలు చెడలేదమ్మా, పాలొచ్చే దారి వాచింది.
వాడికి మానకుండా ఇవ్వు.
మాత్రలన్నీ వాడు,
జ్వరం తగ్గింది గదా అని సగంలో ఆపకు.
చల్లటి తడిగుడ్డ వేస్తూ ఉండు."
తర్వాత అత్త వైపు తిరిగి
"అప్పుడు నీకెవరూ చెప్పలేదా పెద్దమ్మా?" అంది.
అత్త ఏమీ అనలేదు.
చీటీ నాలుగు మడతలు పెట్టి
బొడ్లో దోపుకుంది.

ఇంట్లో ఫ్రిజ్ లేదు.
అత్త ఆ మల్లెల్ని విప్పి
మంచినీళ్ళ కుండలో వేసింది.
ఆ నీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, పరిచి,
వేడెక్కగానే తీసి, మళ్ళీ ముంచి,
రాత్రంతా.
పాలు ఎండగట్టడానికి తెచ్చిన పూల వాసన
నా ఒళ్ళంతా.
మధ్యలో ఒకసారి కునుకుతూ
గుడ్డ తన గుండెకే అదుముకుంది.
నేను చూడనట్టు పడుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున
జాకెట్టు తడిసి మెలకువొచ్చింది.
చెమటనుకున్నాను.
ముట్టుకుంటే జిగట, నాలిక్కి తీపి.
రాయి ఇంకా ఉంది, శనగగింజంత.
వాడు ఆ వైపు గుటక వేసిన చప్పుడు
గది అవతలికి వినపడింది.
ఈసారి ఆరు దాకా లెక్కపెట్టి
ఏడు మరిచిపోయాను.

ఆదివారం, యార్డుకి సెలవు.
ఆయన రెండోసారి స్నానం చేసి వచ్చి
చూపుడువేలు తన నాలుక మీద పెట్టుకుని
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.
"ఇంకా కొంచెం ఉంది" అన్నాడు.
అని, వేళ్ళు వెనక్కి మడుచుకుని
మోచెయ్యి ముందుకు చాచాడు.